పేరు అడగని అల్మారా

మధ్యాహ్నం ఒంటిగంటకు బెల్లు కొట్టగానే మా లైబ్రరీ ఖాళీ అవుతుంది. నలుగురైదుగురు మాత్రం లేవరు. హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో నేను లైబ్రేరియన్‌ని. ఆ లేవని పిల్లలు చదువు మీద శ్రద్ధ ఉన్నవాళ్లని చాలా ఏళ్లు మురిసిపోయాను.

ఒకరోజు చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్తే, సెకండియర్ అమ్మాయి ఒకతి టిఫిన్ డబ్బా కడుగుతోంది. ముందు మూత, తర్వాత గిన్నె, మళ్లీ మూత. నీళ్లు తేటగా పోతున్నాయి. మెతుకు లేదు, పసుపు మరక లేదు, నూనె జిడ్డు లేదు. ఆ డబ్బా పొద్దున బ్యాగులో పెట్టుకున్నప్పుడు కూడా ఖాళీదే. తోటి పిల్లలు ఏమనుకుంటారోనని రోజూ దాన్ని తెచ్చి, కడిగి, చున్నీతో తుడిచి తీసుకుపోతోంది.

"తిన్నవా బిడ్డా?" అన్నాను.

"తిన్న మేడం."

పక్కన ఇంకో ఇద్దరు అమ్మాయిలు ఉండగా అడిగాను. ఆ పిల్ల ఇంకేం చెప్తుంది?

ఆ తర్వాత మేం ఒక అల్మారా పెట్టుకున్నాం, అవసరమైనవాళ్లు పేరు చెప్పకుండా తినేవి, సరుకులు అందులోంచి తీసుకోవచ్చు. ఆ ఏర్పాటుకు ఇది నాలుగో ఏడు. మీ కాలేజీలో ఇలాంటిది మొదలుపెడదామనుకునే లెక్చరర్లకు, లైబ్రేరియన్లకు, ఎన్ఎస్ఎస్ చూసే సార్లకు పనికొస్తుందని మా అనుభవం రాస్తున్నాను. దీనికి డబ్బు కంటే ఎక్కువ కావాల్సింది జాగ్రత్త. ఆ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో ముందు చెప్తాను.

మొదటిసారి మేం పాడుచేసిన పని

కుళాయి దగ్గర చూసిన సంగతి స్టాఫ్ రూములో చెప్తే అందరూ కదిలారు. వారంలో చందాలు పోగయ్యాయి. పేద విద్యార్థుల పేర్లు ఇమ్మని క్లాసుకో లెక్చరర్‌ను అడిగాం. వాళ్లు క్లాసులోనే చేతులెత్తమన్నారు. తర్వాత సెమినార్ హాల్లో బ్యానర్ కట్టి, ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలిచి, స్టేజీ మీద సరుకుల సంచి ఇచ్చాం. సంచికి ఒక చివర ఇచ్చేవాళ్ల చెయ్యి, ఇంకో చివర పిల్లల చెయ్యి. ఫొటోలు అదే రోజు కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టాం. అందరికీ చప్పట్ల బొమ్మలు వచ్చాయి.

డబ్బా కడిగిన అమ్మాయి ఆ ఫొటోలో ఉంది. తల పక్కకు తిప్పుకుని ఉంది. తర్వాత పది రోజులు కాలేజీకి రాలేదు. ఫోన్ చేస్తే ఊళ్లో జ్వరమంది. వచ్చాక కూడా లైబ్రరీ మెట్లు ఎక్కలేదు. ఆ పేర్ల జాబితాలో నా చెయ్యి కూడా ఉంది. ఆ పిల్లకు నేనే వెళ్లి క్షమించమని చెప్పాను. తను ఒకే ఒక్క మాట అంది: "సంచి మంచిగనే ఉంది మేడం. పిలవకుంటే బాగుండు."

మా అల్మారా మొత్తం ఆ మాట మీదే నిలబడి ఉంది. పేరు రాయం, కార్డు అడగం, ఫొటో తీయం. తెల్ల రేషన్ కార్డు ఉందా, నాన్న ఏం చేస్తాడు, కులం ఏంటి అనే ప్రశ్నలు మా దగ్గర లేవు. అవసరం లేనివాళ్లు తీసుకుంటే ఎట్లా అని ప్రతి మీటింగులో ఎవరో ఒకరు అంటారు. తీసుకోనీండి. అవసరం లేని ఇద్దరు తీసుకున్న అరటిపండ్ల వల్ల కలిగే నష్టం చిన్నది. అవసరం ఉన్న ఒక్కరు సిగ్గుతో వెనక్కి పోతే కలిగే నష్టాన్ని నేను కళ్లారా చూశాను.

ముందు తెలుసుకోండి, పేర్లు లేకుండా

సరుకులు కొనే ముందు రెండు వారాలు చూడండి. ఒంటిగంటకు ఎవరు బయటికి పోరో చూడండి, కానీ రాసుకోకండి. పొద్దున ల్యాబులో కళ్లు తిరిగి కూర్చునేవాళ్లు ఎక్కువగా ఫస్ట్ బస్సుకు వచ్చేవాళ్లు. ములుగు, పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో పొయ్యి వెలిగే ముందే బయల్దేరతారు. నెలాఖరులో, ఎగ్జామ్ ఫీజు కట్టే వారంలో పరిస్థితి ఇంకా బిగుస్తుంది.

తర్వాత చీటీలు. క్లాసులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకే రకం చీటీ ఇచ్చి, అందరూ ఏదో ఒకటి రాసేలా చూడాలి. లేకపోతే రాసేవాళ్లు బయటపడతారు. మేం మూడు ప్రశ్నలు అడిగాం. పోయిన వారంలో డబ్బుల్లేక ఎన్ని పూటలు మానేశారు? మీరు ఉండే చోట వండుకునే వీలుందా? కాలేజీలో ఏది దొరికితే మీకు టెన్షన్ తగ్గుతుంది? పేరు, రోల్ నంబరు వద్దు. మడిచి లైబ్రరీ పుస్తకాల డబ్బాలో వేయడమే.

ఆ చీటీలు మా లెక్కను తలకిందులు చేశాయి. మేం బియ్యం బస్తాలు కొందామనుకున్నాం. పిల్లలు రాసింది వేరు. నయీంనగర్, గోపాల్‌పూర్ వైపు కిరాయి రూముల్లో నలుగురైదుగురు కలిసి ఉండేవాళ్లకు బియ్యం ఊరి నుంచి వస్తాయి. ఇప్పుడైతే, 2025 ఏప్రిల్ నుంచి రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి ఇంట్లోవాళ్లు అందులోంచే కొంత మూట కట్టి బస్సులో పంపుతున్నారు. కొరత కూర దగ్గర. వారంలో నాలుగు రోజులు తొక్కు బువ్వే తింటున్నామని రాసినవాళ్లు చాలామంది. పప్పు, నూనె, కోడిగుడ్లు కావాలన్నారు. బట్టల సబ్బు అన్నారు. రికార్డు నోట్‌బుక్కులు అన్నారు. ఒక చీటీలో "ఏమీ వద్దు, మధ్యాహ్నం ఎవరూ తిన్నవా అని అడగకుంటే చాలు" అని ఉంది. చీటీలన్నీ తీసేశాం కానీ అదొక్కటి నా డ్రాయర్‌లో ఉంది.

అల్మారా ఎక్కడ, అందులో ఏముండాలి

ప్రిన్సిపాల్‌కు లెటర్ పెట్టి, చోటుకు రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోండి. రేపు సార్ మారినా అల్మారా మారకూడదు కదా. చోటు విషయంలో మూలకు, వెనక గదికి తోయాలని అందరికీ అనిపిస్తుంది. గౌరవం పేరుతో చాటు వెతుకుతాం. చాటుకు పోయేవాళ్లు అందరి కంటా పడతారు. మా అల్మారా మంచినీళ్ల ఫిల్టర్ పక్కన, న్యూస్ పేపర్ల స్టాండుకు ఎదురుగా ఉంది. అక్కడికి రోజూ అందరూ ఏదో ఒక పని మీద వస్తారు. నేను కూడా రోజూ పిల్లలు చూస్తుండగా అందులోంచే పల్లీ పట్టీ తీసుకుని తింటాను. స్టాఫ్‌లో ఇంకో ముగ్గురు తింటారు. దాని బదులు మేం నెల నెలా డబ్బులు వేస్తాం. మేడం తినే చోట తినడానికి ఎవరికీ నామోషీ ఉండదు.

పై రెండు అరల్లో అప్పటికప్పుడు తినేవి: అరటిపండ్లు, పల్లీ పట్టీలు, వేయించిన అటుకులు, బిస్కెట్లు. సోమ, గురువారాలు ఉడికిన గుడ్లు పెడతాం. మధ్యాహ్నం రెండింటికల్లా మిగిలినవి తీసేస్తాం, ఎండాకాలం అయితే ఇంకా ముందే. కింది అరల్లో రూముకు తీసుకుపోయేవి: అరకిలో కందిపప్పు, అరలీటరు నూనె, ఉప్పు, కారం, చింతపండు, కిలో బియ్యం. పెద్ద ప్యాకెట్లు పెట్టకండి. ఐదు కిలోల సంచి పట్టుకుని గేటు దాటే పిల్లను వాచ్‌మన్ నుంచి ఆటో డ్రైవర్ దాకా అందరూ చూస్తారు. అరకిలో పప్పు పుస్తకాల మధ్య ఇమిడిపోతుంది. వండుకోవడానికి ఓనర్ ఒప్పుకోని రూముల్లో ఉండేవాళ్ల కోసం అటుకులు, బ్రెడ్, పుట్నాల పొడి.

పప్పు, బియ్యం మూతలు గట్టిగా పట్టే స్టీలు డబ్బాల్లో ఉంచి, ఎండుమిరపకాయలో, వేపాకో వేయండి. పురుగు పట్టిన బియ్యం ఒక్కసారి పిల్లల చేతికి పోతే, వీళ్లు మాకు పారేసేవి పెడుతున్నారనుకుంటారు. తారీఖు దాటిన ప్యాకెట్ ఒక్కటి కూడా ఉండొద్దు. ప్రతి శుక్రవారం సాయంత్రం అరగంట ఆ పని మీదే కూర్చుంటాం. ఫంక్షన్ హాల్‌లో మిగిలిన అన్నం తెస్తామని చాలామంది ప్రేమగానే ఫోన్ చేస్తారు. దండం పెట్టి వద్దంటాను. మన ఇంట్లో పిల్లలకు పెట్టనిది అక్కడ పెట్టకూడదు.

శానిటరీ ప్యాడ్లు ఈ అల్మారాలో వద్దు. వాటిని అమ్మాయిల బాత్రూముల లోపల పెట్టండి, గడియ వేసుకున్నాక చేతికందే చోట. పక్కనే మూత ఉన్న చెత్తబుట్ట, చుట్టడానికి పాత పేపర్ ముక్కలు, నీళ్లు వచ్చే కుళాయి. కుళాయి పనిచేయకపోతే మిగతావన్నీ ఉండీ లాభం లేదు. ఆ కుళాయి బాగుచేయించడానికే నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

లెక్క మాత్రం ఉండాలి. అల్మారా పక్కన చిన్న గిన్నెలో చింతగింజలు, దాని పక్కన మూతకు సందు చేసిన డబ్బా. ఏదైనా తీసుకున్నవాళ్లు ఒక గింజ డబ్బాలో వేస్తారు. శుక్రవారం గింజలు లెక్కపెడితే ఆ వారం ఎంత పోయిందో, వచ్చే వారం ఎంత కావాలో తెలుస్తుంది. డబ్బులిచ్చేవాళ్లకు చూపించేదీ ఆ లెక్కే.

అందరికీ ఒకే సంచి ఇస్తే సమానం కాదు

ఫస్ట్ బస్సు పిల్లకు పొద్దున తొమ్మిదిన్నరకు ఏదైనా కడుపులో పడాలి. మధ్యాహ్నం వరకు ఆగితే ఆ రోజు రెండు క్లాసులు పోయినట్టే. అందుకే అల్మారా నేను వచ్చీ రాగానే తెరిపిస్తాను. హాస్టల్‌లో ఉండేవాళ్లకు మామూలు రోజుల్లో మా అవసరం తక్కువ. సెలవులకు మెస్ మూసినప్పుడు ఊరికి పోలేనివాళ్లు చిక్కుకుపోతారు.

9 డిసెంబర్ 2023 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. ఇది మా అమ్మాయిల చదువును నిలబెట్టింది, కళ్ల ముందే చూశాను. అదే ఊరి నుంచి వచ్చే అబ్బాయికి మాత్రం బస్ పాస్ డబ్బులు కావాలి. అందుకని అత్యవసరాలకు డబ్బులు ఉంచుకునే మా చిల్లర డబ్బాలో పాసుల కోసం కొంత విడిగా పెడతాం. ఇది అబ్బాయిలకు ఎక్కువ ఇవ్వడం అవుతుందా అని ఒక మేడం అడిగారు. ఎవరికి ఏ మెట్టు ఎత్తుగా ఉందో అక్కడ పీట వేయాలన్నాను.

ఇంకో సంగతి పనికి పోయే పిల్లలది. పత్తి ఏరే రోజుల్లో, ఏటూరునాగారం వైపు మిర్చి ఏరే రోజుల్లో క్లాసులు సగం ఖాళీ. రాత్రిళ్లు కేటరింగ్‌లో వడ్డించి పొద్దున నిద్రమొహంతో వచ్చే అబ్బాయిలు ఉన్నారు. వాళ్ల హాజరు 75 శాతం కంటే తగ్గితే స్కాలర్‌షిప్‌కు చిక్కు వస్తుంది. కూలికి పోయింది చదువుకోవడానికే, ఆ కూలి వల్లే స్కాలర్‌షిప్ పోతే వాళ్లు రెండు వైపులా నష్టపోతారు. ప్రతి నెలా హాజరు లెక్క తీసి, తగ్గుతున్నవాళ్లను ఒక్కొక్కరిని విడిగా పిలిచి చెప్పండి. పొద్దున మొదటి పీరియడ్‌ను వాళ్లకు వేరే బ్యాచ్‌తో సర్దగలరేమో ఆ సబ్జెక్టు సార్‌తో మాట్లాడండి. ఇది మా దగ్గర ముగ్గురి విషయంలో కుదిరింది, ఇద్దరి విషయంలో కుదరలేదు.

చూపు తక్కువున్న విద్యార్థి ఒకరు చెప్పాక అరల్లో సరుకుల చోట్లు మార్చడం మానేశాం. గుడ్లు ఎప్పుడూ రెండో అర ఎడమ పక్కనే. ఇంకొకరిని అడగకుండా తీసుకోగలగాలి కదా.

హక్కుగా రావాల్సినవి

అల్మారా ఆ పూటకు పనికొస్తుంది. సంవత్సరం గడవాలంటే పిల్లలకు రావాల్సినవి రావాలి. ప్రభుత్వం ఇచ్చే బోధన రుసుం, మెయింటెనెన్స్ ఫీజు (విద్యార్థి ఖర్చులకు ఇచ్చే డబ్బు) రెండింటికీ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లో అప్లై చేయాలి. మొదటి ఏడాది ఫ్రెష్, తర్వాత రెన్యూవల్. రెన్యూవల్ దానంతట అదే అవుతుందనుకుని వదిలేసే పిల్లలు ప్రతి ఏటా దొరుకుతారు. కుటుంబ ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. బీసీలకు, ఈబీసీలకు పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. అప్లై చేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌తో మరోసారి సరిచూసుకోండి.

ఎక్కువ అప్లికేషన్లు ఆగేది చిన్న చిన్న తేడాల దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేదు. ఓటీపీ పోయే ఫోన్ ఊళ్లో నాన్న దగ్గర ఉంది, ఆయన చెలకలో ఉన్నాడు. అందుకే జూలై, ఆగస్టుల్లో వారానికి ఒక మధ్యాహ్నం లైబ్రరీ కంప్యూటర్ల దగ్గర కూర్చుంటాం. మీసేవకు పోయే ముందే టెన్త్ మెమో, ఆధార్, పాస్‌బుక్ మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పేరును అక్షరం అక్షరం చదివిస్తాం. పది నిమిషాల పని. దీనివల్ల మిగిలినంత డబ్బు మా చందాలన్నీ కలిపినా రాలేదు.

రేషన్ విషయం చాలామంది పిల్లలకు తెలియదు. పేరు కార్డులో ఉంటే హనుమకొండలో కూడా ఏ రేషన్ షాపులోనైనా తీసుకోవచ్చు. ముందు ఇంటికి ఫోన్ చేసి అడిగి పొమ్మనండి, లేకపోతే అక్కడ అమ్మకు తక్కువ పడతాయి. ఫీజు బకాయి పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకునే కాలేజీల గురించి పిల్లలు ఏడుస్తూ చెప్తారు. అలా ఉంచుకోవద్దని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాపీ ప్రింటు తీసి మా దగ్గర ఉంచాం, అడిగినవాళ్లకు ఇస్తాం.

తిండి దగ్గర మొదలైన మాట ఒక్కోసారి వేరే చోటికి పోతుంది. నిద్ర పట్టడం లేదని, బతకాలని లేదని చెప్పిన పిల్లలు ఉన్నారు. అప్పుడు సలహాలు చెప్పకండి. పక్కన కూర్చోండి. 14416కు, అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, మీ ఫోన్ నుంచే కలిపి ఇవ్వండి. ఆ పిల్లను ఆ సాయంత్రం ఒంటరిగా రూముకు పంపకండి.

డబ్బు, మాట

చిల్లర డబ్బాలో ఎప్పుడూ కొన్ని వేలు ఉంటాయి. ఎగ్జామ్ ఫీజుకు ఆఖరి రోజు, కళ్లద్దాలు విరిగాయి, ఇంట్లో ఎవరో ఎంజీఎం ఆసుపత్రిలో చేరారు, ఇలాంటి వాటికి. ఇద్దరం సంతకం పెట్టి అదే రోజు ఇస్తాం. ఈ ఒక్క చోట పేరు మా ఇద్దరికీ తెలుస్తుంది, మూడో మనిషికి చెప్పం. అప్పుగా ఇవ్వం. అప్పు ఇచ్చిన మొదటి ఏడాది తీర్చలేని పిల్లలు నన్ను చూసి కారిడార్ మారిపోయేవాళ్లు. ఎగ్జామ్ ఫీజును ఫైన్ పడకముందే కట్టించండి. ఫైన్ పడ్డాక అంతే డబ్బుతో తక్కువ మందిని ఆదుకోగలుగుతాం.

వరంగల్ బీట్ బజార్‌లో పప్పులు హోల్‌సేల్‌గా అమ్మే ఒకాయన నెలకో సంచి ఇస్తానన్నాడు. ఒక్క ఫొటో కావాలన్నాడు. చింతగింజల డబ్బా తీసుకుపోయి ఆయన గల్లాపెట్టె మీద పెట్టాను. ఒక్కో గింజ ఒక్కో పూట అని చెప్పాను. ఆయన ఓ గుప్పెడు తీసి అరచేతిలో కాసేపు చూసుకున్నాడు. ఫొటో మాట మళ్లీ ఎత్తలేదు.

మా పాత విద్యార్థి ఒకడు అమెరికాలో ఎంఎస్ చదువుతూ, అక్కడ తన క్యాంపస్‌లో కూడా ఇలాంటి గది ఉందని, తానూ పోయి సరుకులు తెచ్చుకుంటున్నానని మెసేజ్ పెట్టాడు. అక్కడ ఇలాంటివి కొత్త కాదు, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో విద్యార్థులే నడిపే ఫుడ్ బ్యాంకు 1993 నుంచి ఉంది. ఇక్కడ ఉన్నప్పుడు మా అల్మారా వైపు చూడని పిల్లాడు వాడు. వాడి మెసేజ్‌ను వాడి అనుమతితోనే, పేరు తీసేసి, అల్మారా తలుపు మీద అంటించాను.

పిల్లలతో మాట్లాడేటప్పుడు "తిన్నవా?" అని నలుగురిలో అడగను. "టీ తాగడానికి పోతున్న, తోడు రా" అంటాను. "ఏం కష్టం వచ్చింది?" అనే బదులు "ఈ నెల ఎట్ల గడుస్తుంది?" అంటాను. చెప్పకపోతే అక్కడితో ఆపేస్తాను. అల్మారా తాళం, శుక్రవారం లెక్క ఇప్పుడు పిల్లల చేతుల్లోనే ఉన్నాయి, నెలకో జట్టు. ఆ జట్టులో ఎవరు ఇచ్చేవాళ్లో ఎవరు తీసుకునేవాళ్లో నాకూ తెలియదు. జట్టుకు ఒకే షరతు: అల్మారా దగ్గర చూసిన మనిషి గురించి బయట మాట్లాడకూడదు.

బతుకమ్మ, దసరా సెలవులకు ముందు రోజు అరటిపండ్లు, గుడ్లు మొత్తం ఖాళీ చేయండి. బియ్యం, పప్పు, నూనె, అటుకులు మామూలు కంటే రెట్టింపు పెట్టండి. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంచి, అడిగినవాళ్లకు ఏ ప్రశ్నా లేకుండా ఇవ్వమని ఆయనకు మీరే స్వయంగా చెప్పండి, ఇంకొకరితో చెప్పించకండి. చింతగింజల గిన్నె నింపి పెట్టండి. సెలవులు అయిపోయి తలుపు తీసిన రోజు, పుస్తకాల దుమ్ము దులపకముందే ఆ డబ్బా బోర్లించి లెక్కపెట్టండి. సంక్రాంతికి ఎంత ఉంచాలో ఆ గింజలే చెప్తాయి.